పల్లం గడ్డి, గరువు గడ్డి

చోడి (రాగి) కోతల రోజుల్లో విజయనగరం జిల్లా గజపతినగరం, మెంటాడ వైపు గరువు (మెట్ట) పొలాల్లో ఒకే చేనుని రెండుసార్లు కోయడం కనిపిస్తుంది. ముందు ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకొచ్చి వెన్నులు మాత్రం కోసి గంపల్లో వేసుకుపోతారు. వెన్నులు పోయిన పైరు ఇంకా నిలబడే ఉంటుంది. గింజ ముదిరినా ఆకులోనూ కాడలోనూ పచ్చదనం పూర్తిగా పోదు. తరవాత మరోసారి వచ్చి దాన్ని మొదలంటా కోసి, పరిచి ఆరబెట్టి, మోపులు కట్టి ఇంటికి చేరుస్తారు. మొదటి కోత మనుషులకి, రెండోది పశువులకి. గట్టు దిగితే పల్లంలో వరికి ఈ మర్యాద లేదు. గింజ పండి, ఆకు పండి, చేనంతా పసుపురంగుకి తిరిగాక ఒక్కసారే కోస్తారు. కళ్ళంలో గింజ రాలగా మిగిలిందే గడ్డి.

ఈ రెండు గడ్డి మోపుల్నీ పక్కపక్కన వేస్తే ఎద్దు ముందు దేని మీదికి మూతి చాస్తుందో ఆ ఊళ్ళ రైతులకి చెప్పనక్కర్లేదు. చోడిగడ్డి అయిపోయాకే వరిగడ్డి వంతు. వరిగడ్డిలోనూ కొంత నమిలి, కొంత కాళ్ళకింద వేసి తొక్కేస్తుంది. పొద్దున్నే పశువుల సాల ఊడ్చేవాళ్ళకి అది పెంటకుప్ప దాకా మోసే బరువు. పశువు చూసుకునేది రుచి ఒక్కటే అనుకోవడానికి లేదు. ఏ గడ్డి కడుపులో కరుగుతుందో, ఏది కరగకుండానే బయటికి పోతుందో, ఆ లెక్క కూడా అందులో ఉంది. అది చేలోనే మొదలవుతుంది.

నిజానికి గడ్డిని అరిగించేది పశువు కాదు. నెమరువేసే జంతువుల కడుపులో నాలుగు అరలుంటాయి. అన్నిటికన్నా పెద్దదైన మొదటి అరలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. గడ్డిలోని పీచుని పులియబెట్టి, పశువు ఒంటికి పట్టే పదార్థంగా మార్చిపెట్టేవి అవే. వాటి పనికి అడ్డం వచ్చేది లిగ్నిన్. మొక్క ముదిరేకొద్దీ పీచుతో పెనవేసుకుపోయే చెక్కలాంటి పదార్థమది. వేడి ఎక్కువైన చోట మొక్క తొందరగా ముదురుతుంది, ఆకు పాలు తగ్గి కాడ పాలు పెరుగుతుంది, లిగ్నిన్ పేరుకుంటుంది. 1970లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పచ్చికబయళ్ళ మీద అంతర్జాతీయ మహాసభ జరిగింది. మిన్సన్, మెక్‌లియాడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడ వేడి దేశాల గడ్డినీ చలి దేశాల గడ్డినీ లెక్కల్లో పక్కపక్కన పెట్టి చూపించారు. వేడి దేశాల గడ్డి నూటికి పది పాళ్ళ పైచిలుకు తక్కువ అరుగుతోందని తేలింది. ఆ లెక్కన శ్రీకాకుళం ఆవు నోరు తెరవకముందే పది పాళ్ళు నష్టపోయి ఉంది.

నీళ్ళ సంగతి ఇంకొంచెం చిత్రంగా ఉంటుంది. కొద్దిపాటి బెట్ట తగిలితే కాడ సాగడం ఆగుతుంది, మొక్క ముదరడం ఆలస్యమవుతుంది. గడ్డి తక్కువ వచ్చినా, వచ్చినంత మటుకు మెత్తగానే ఉంటుంది. బెట్ట మరీ ముదిరితే ఆకే ఎండి రాలిపోతుంది, పుల్లలు మిగులుతాయి.

వరి మాత్రం ఈ సూత్రాలకి సగమే లొంగుతుంది. దాని గడ్డిలో లిగ్నిన్ మరీ ఎక్కువేం కాదు. అక్కడ తాళం వేసేది సిలికా. ఇసకలో ఉండే పదార్థమే అది. దమ్ము చేసి నీళ్ళు నిలగట్టిన మడిలో మట్టిలోని సిలికా కరిగి వేళ్ళకి దండిగా అందుతుంది. మొక్క దాన్ని పీల్చి ఆకుల్లో పేర్చుకుంటుంది. పురుగుకీ తెగులుకీ తట్టుకోవడానికి, పడిపోకుండా నిలబడడానికి వరికి అది కవచం. పశువు కడుపులో సూక్ష్మజీవులకి అదే అడ్డుగోడ. వరిగడ్డిలో సిలికా నూటికి 10 నుంచి 15 పాళ్ళ దాకా ఉంటుంది. వరి కలుపు తీసిన వాళ్ళ ముంజేతుల మీద సన్నటి ఎర్రగీతలు చూస్తే దాని పదును తెలుస్తుంది. మిగతా ధాన్యపు చొప్పల్లో మెత్తటిది ఆకు, గట్టిది కాడ. వరిలో సిలికా ఆకు వైపే ఎక్కువ చేరడంతో వరస తిరగబడి, ఆకు కన్నా కాడే బాగా అరుగుతుంది. గరువు మీద వానాధారంగా పెరిగే చోడికి నిలవనీళ్ళ మడీ లేదు, ఆ కవచమూ లేదు.

అందుకే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో పల్లం ఎంత, గరువు ఎంత అన్న లెక్కలో పశువుల కడుపు చరిత్ర కూడా ఉంది.

నూటయాభై ఏళ్ళ కిందట ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలోని రెండు జిల్లాల మధ్య చీలి ఉండేది. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, పాలకొండ విశాఖపట్నం జిల్లాలోవి. తెల్లదొరలు చికాకోల్ అని రాసుకున్న శ్రీకాకుళమూ, టెక్కలీ గంజాం జిల్లాలోవి. ఊళ్ళు చాలామటుకు జమీందార్ల కింద ఉండేవి. నాగావళి, వంశధార, చంపావతి, సువర్ణముఖి తూర్పు కనుమల నుంచి దిగి వస్తాయి గానీ, వాటి నీళ్ళు అన్ని పొలాలకీ ఎక్కేవి కావు. చిన్న చిన్న చెరువులు, గెడ్డలు (వాగులు) పారినంత మేర పల్లం, అక్కడ వరి. పైన ఎర్రనేలల గరువు, అక్కడ చోడి, గంటి, జొన్న, సామ, ఉలవ. ఏటా 1,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే ప్రాంతమే. కాకపోతే అది పడే తీరుని బట్టే గింజా గడ్డీ ఉండేవి.

వాన మొహం చాటేసిన ఏళ్ళున్నాయి. 1866 కరువు ఒడిశాతో పాటు గంజాం జిల్లానీ పీడించింది. 1896-97 కరువు గంజాం, విశాఖపట్నం జిల్లాలు రెంటినీ పట్టింది. అలాంటి ఏళ్ళలో గింజ లేక మనుషులు, గడ్డి లేక ఎడ్లు నేలకొరిగేవి. ఎడ్లు పోతే వాన వచ్చిన ఏడు దుక్కి ఆగిపోయేది. బెట్టలో పశువుకి మరో గండం కూడా ఉంది. వాన లేక గిడసబారిన జొన్న, కోసిన మోళ్ళ నుంచి వచ్చిన లేత పిలకలు చూడ్డానికి పచ్చగా, మెత్తగా ఉంటాయి. ఆకలితో ఉన్న పశువు వాటి మీద పడుతుంది. కాసేపట్లో కడుపు ఉబ్బి, ఊపిరాడక కూలిపోతుంది. జొన్న నాము తిన్నదంటారు రైతులు. ఎదగని జొన్నలో ఉండే పదార్థం కడుపులో విడిపోయి సయనైడు పుడుతుందని తరవాత రసాయనశాస్త్రం చెప్పింది. ఆ శాస్త్రం రాకముందే, పూతకి రాని జొన్న చేలోకి పశువుని వదలకూడదని కాపరి కుర్రవాళ్ళకి తెలుసు. అంటే బాగా అరిగే లేత మేత అన్నివేళలా మంచి మేత కాదు. ఏ వానకి ఏ మొక్క ఎలా మారుతుందో తెలియడమే పశుపోషణలో సగం విద్య.

వరిగడ్డి ఒక్కదాని మీదే ఏడాదంతా నెట్టుకురావడం కష్టమని తెలిసినవాళ్ళు పశువు కోసం ఊళ్ళో మరో చోటు ఉంచుకున్నారు. చెరువు గర్భం, గెడ్డ ఒడ్డు, ఊరి పక్క మందబయలు. 1908లో వచ్చిన మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం జమీందారీ ఊళ్ళలో ఉమ్మడి భూములు ఏవో చెబుతూ కళ్ళాలనీ, పశువుల మందలు నిలిచే చోట్లనీ ఒకే వరసలో చేర్చింది. చట్టం రాసినవాళ్ళ ఉద్దేశం ఏదైనా ఊరి మనిషికి ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చేవే. కళ్ళం ఎండుగడ్డి పుట్టే చోటు, మందబయలు పచ్చిగడ్డి దొరికే చోటు. పచ్చిక మేసినందుకు కట్టే పన్నుకి తెలుగులో పుల్లరి అని పేరే ఉంది. పల్నాడులో కన్నెగంటి హనుమంతు 1922లో పుల్లరి కట్టేది లేదని ఎదురుతిరిగి, పోలీసు తూటాలకి ప్రాణం పోగొట్టుకున్నాడు. వానల్లో నాలుగు నెలల పచ్చిక అంటే రైతుకి ఎంత విలువో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. వాన పడిన కొత్తలో మొలిచే గరికా, గట్టు గడ్డీ మేసిన రోజుల్లోనే ఎద్దుకి కండ పట్టేది, ఆవుకి పాలు దిగేవి. ఆ గడ్డి పూతకొచ్చి, గింజ పట్టి, కార్తీకం నాటికి ముదిరి పీచైపోయేది. అప్పుడు మళ్ళీ కుప్ప వైపు చూడాల్సిందే.

కుప్పలోని గడ్డిని కడుపుకి ఎక్కించడానికి పాతకాలం వాళ్ళు చేసిన పనులు చూస్తే పరీక్షశాల లేని శాస్త్రం కనిపిస్తుంది. కళ్ళంలో పనలు పరిచి ఎడ్ల బంతి కట్టి తిప్పేవారు. గింజ రాలడంతో పాటు గిట్టల కింద గడ్డి నలిగేది, కాడలు చితికేవి, సూక్ష్మజీవులు జొరబడడానికి సందు దొరికేది. బల్లకేసి కొట్టిన గడ్డి నిటారుగా, చెక్కుచెదరకుండా ఉండేది. అది ఇంటి కప్పుకి పనికొచ్చేది. తొక్కించిన గడ్డి సాలకి, కొట్టిన గడ్డి కప్పుకి. గడ్డి మెత్తదనాన్ని ఏటవాలు కప్పు మీద వాన కూడా పరీక్షించేది. మెత్తటి గడ్డి కప్పు తొందరగా కుళ్ళేది. కప్పు మీద కుళ్ళనిది కడుపులోనూ తొందరగా కరగదు.

రెండో పని కలపడం. వరి కోతకి కొద్దిరోజుల ముందు, మడిలో తేమ ఆరకముందే, నిలబడి ఉన్న చేలో మినుమో పెసరో చల్లేవారు. కోసుకున్న వరి మోళ్ళ మధ్య ఆ మొక్కలు మిగిలిన తేమతో పెరిగేవి. కాయ కోశాక తీగా, నూర్పిడిలో వచ్చే పొట్టూ సాలకి వెళ్ళేవి. ఉలవ పొట్టూ, వేరుశనగ తీగా అంతే. ఎడ్లకి ఉడికించిన ఉలవలు, పాడి పశువుకి కుడితిలో చిట్టు. చిట్టంటే ఉత్తరాంధ్రలో బియ్యం తవుడు. ఈ కలగలుపు వెనకున్న సంగతి 1940ల్లో ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థలో తలపాత్ర, రే, సేన్ చేసిన పరిశోధనల్లో వెల్లడైంది. వరిగడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి మేతలోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, పట్టుకుని ఒంటికి చేరనివ్వవు. ఒక్క వరిగడ్డి మీద బతికే పశువు తిన్నదానికన్నా ఎక్కువ కాల్షియం పోగొట్టుకోవచ్చు. పప్పుజాతి తీగల్లో కాల్షియం ఉంది, మాంసకృత్తులున్నాయి. కడుపులోని సూక్ష్మజీవులకి కావలసిన నత్రజనీ అందులోంచే వస్తుంది. నత్రజని అందితే అవి వరిగడ్డినీ ఇంకొంచెం బాగా కరిగిస్తాయి. కాబట్టి గంపెడు పెసర పొట్టు కలిపితే దాంతోపాటు మోపెడు వరిగడ్డికి కూడా విలువ వచ్చేది.

ఆ విలువ సంతలో తెలిసేది. ఆలమండ, మానాపురం, టెక్కలి దగ్గర నారాయణవలస పశువుల సంతలకి ఇప్పటికీ పేరుంది. కొనేవాడు పళ్ళు చూస్తాడు, నడక చూస్తాడు, పక్కటెముకల మీద అరచేయి వేసి చర్మం ఎంత వదులుగా కదులుతుందో చూస్తాడు. ఆ చర్మం కింద ఉన్నది కిందటేడు ఆ ఇంటి గడ్డి.

ఆ గడ్డి నెమ్మదిగా మారుతూ వచ్చింది. 1908లో నాగావళి మీద తోటపల్లి రెగ్యులేటరు వచ్చింది. 1960ల్లో గోస్తని మీద తాటిపూడి జలాశయం, 1970ల్లో వంశధార మీద హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ కట్టారు. 2015లో తోటపల్లి కొత్త బ్యారేజీ పొలాలకి నీళ్ళిచ్చింది. కాలవ ఎక్కిన ప్రతిచోటా మెట్ట కొంత మాగాణి అయింది. ఇది రైతు కోరుకున్నదే, కోరుకోవలసిందే. కరువుకి భయపడిన ప్రాంతానికి వరి అంటే ధైర్యం. సాలలో మాత్రం చోడి మోపు స్థానంలో వరి మోపు దిగింది. కుప్ప ఎత్తు పెరిగింది, అందులోని పస తగ్గింది.

కుప్ప ఎత్తు కూడా ఎన్నాళ్ళో పెరగలేదు. పొడుగు దేశవాళీ వరిలో మొత్తం పైరు బరువులో గింజ దాదాపు మూడో వంతు, మిగిలిందంతా గడ్డి. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి విడుదలైన ఐఆర్8తో పొట్టి వంగడాల కాలం మొదలైంది. గింజ పాలు సగం దాకా వెళ్ళింది. మొక్క పొట్టిదైతే ఎరువు వేసినా పడిపోదు, పండిన దాంట్లో ఎక్కువ భాగం బస్తాలోకి వెళుతుంది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ ఉత్తరాంధ్ర పల్లాల్లోనూ ఏళ్ళ తరబడి రాజ్యమేలింది. శ్రీకాకుళం పక్కనే ఉన్న రాగోలు కేంద్రం ‘శ్రీకాకుళం సన్నాలు’ అనే సొంత వంగడాన్ని ఇచ్చింది. వీటిని గింజ దిగుబడి, తెగుళ్ళు, ముంపు, బియ్యం నాణ్యత చూసి ఎంచారు. ఆ పరీక్షలో గడ్డి ఎంత అరుగుతుందన్న ప్రశ్నే లేదు.

గరువు మీద కూడా చోడికి పోటీ వచ్చింది. నెల్లిమర్ల జూట్ మిల్లు లాంటి మిల్లులు నార కొంటున్న రోజుల్లో గోగు మంచి రొక్కపు పంట. ఆమదాలవలస పరిశోధన కేంద్రం ప్రధానంగా ఆ పంట మీదే పనిచేసింది. గోగు ఇంటికి డబ్బు తెచ్చేది, సాలకి దాదాపు ఏమీ తెచ్చేది కాదు. తరవాత మెట్టల్లోకి సరుగుడు, నీలగిరి, జీడిమామిడి వచ్చాయి. కాలవల కింద రబీలో మొక్కజొన్న పెరిగింది. పొత్తు విరిచాక చేలో నిలబడ్డ మొక్కజొన్న చొప్ప ఎండకి కట్టెలా బిగుసుకుపోతుంది. ముక్కలు చేస్తే పశువు తినగలదు. ముక్కలు చేసే యంత్రం లేని చోట చాలామటుకు చేలోనే కాలిపోతుంది.

వీటికి తోడు తుపాన్లు. ఉత్తరాంధ్రలో వరి పూతలో, పాలు పోసుకునే దశలో ఉండేది అక్టోబరులోనే, బంగాళాఖాతం తుపాన్లు ఇక్కడ తరచుగా తీరం దాటేదీ ఆ నెలలోనే. 2013 అక్టోబరు 12న పైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. గాలికి పడిపోయి నీళ్ళలో నానిన వరిలో గింజ నష్టం అందరికీ కనిపిస్తుంది. ఆ గడ్డిలో కరిగే పిండిపదార్థాలు నీటితో కొట్టుకుపోతాయి, ఆకుల మీద వండ్రు పేరుకుంటుంది, తడి ఆరకముందే బూజు పడుతుంది. నల్లబడ్డ ఆ గడ్డిని పశువు మూతితో తోసేస్తుంది. ఆకలికి తింటే జబ్బు.

కోత యంత్రాలు వచ్చాక కుప్ప రూపమే మారింది. యంత్రం మొదలు వదిలి పైన కోస్తుంది. వరిలో అరగడానికి అనువైన కాడలో చాలా భాగం మోడుగా మడిలోనే నిలిచిపోతుంది, ఆకు ఎక్కువున్న పై భాగం ముక్కలై చేలో చెల్లాచెదురవుతుంది. దాన్ని చుట్టే యంత్రం వెనకాల వచ్చి కట్టలు కడితే సాలకి చేరుతుంది, రాకపోతే అగ్గిపుల్ల వస్తుంది. ఎడ్ల బంతి ఎప్పుడో పోయింది. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లే తగ్గాయి. ఇప్పుడు సాలలో ఎక్కువగా ఉన్నది పాలిచ్చే గేదె. ఎద్దు ఎండుగడ్డితో సర్దుకున్నట్టు అది సర్దుకోదు. అరగని మేత పాలకేంద్రంలో రెండు పూటలా లీటర్లలో తేలిపోతుంది.

గడ్డికి బయటినుంచి పస ఎక్కించే ఉపాయం ఒకటుంది. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా నీళ్ళలో కలిపి చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మగ్గబెట్టడం. యూరియా నుంచి పుట్టే అమ్మోనియా పీచు బిగువుని సడలిస్తుంది, మాంసకృత్తుల విలువని దాదాపు రెట్టింపు చేస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి మేత కరువులో జర్మనీలో బెక్‌మన్ గడ్డిని క్షారంలో నానబెట్టిన పద్ధతికి ఇది చుట్టమే. పశువైద్యులు ఏళ్ళుగా చెబుతున్నా ఇది ఊళ్ళలో పెద్దగా పాకలేదు. కప్పడానికి పట్టా కావాలి, నీళ్ళు మోయాలి, మనిషి కావాలి, యూరియా బస్తా వచ్చిందంటే ముందు వరికే వెళుతుంది. దానికి బదులు బోరు పక్కన పావు ఎకరంలో నేపియర్ వేసే పాడిరైతులు పెరిగారు. అక్కడ కూడా అదే పాఠం. నలభై, నలభై అయిదు రోజులకి కోస్తే మేత. పని వత్తిడిలో పడి మూడు నెలలు వదిలేస్తే చెరుకుగడలాంటి కట్టె. గేదె ఆకు నమిలి గడ వదిలేస్తుంది.

గరువు మీద చోడి పూర్తిగా పోలేదు. విజయనగరం పరిశోధన కేంద్రం చిరుధాన్యాలని పట్టుకునే ఉంది. అక్కడ పుట్టిన చోడి వంగడాల్లో రెంటికి ఈ జిల్లా ఏర్ల పేర్లే పెట్టారు, చంపావతి, వేగవతి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అంబలికి పట్నంలో కొత్త గిరాకీ వచ్చింది. చోడిపిండి కిలో ఎంతన్న మాట అందరి నోటా వింటున్నాం. చోడిగడ్డి మోపు ఎంతన్నది ఆ మాటల్లో రాదు.

పునాస చోడి కోత వానల మధ్య వస్తుంది. వెన్నులు ఇంటికి చేర్చాక గడ్డి ఆరబెట్టడానికి రెండు ఎండలు దొరకడమే గగనం. దొరికిన ఏడు, మెంటాడ వైపు ఆ మోపుల్ని వరి కుప్పలో కలపని ఇళ్ళు ఉన్నాయి. సాల అటక మీదికి విడిగా ఎక్కిస్తారు. పచ్చదనం ఇంకా మిగిలిన ఆ మోపు గేదె ఈనిన రోజున కిందికి దిగుతుంది.